హెకెల్ చిత్రములలోని డయాటములు

జర్మనీ దేశపు జంతుశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హెకెల్ 1899 - 1904 సంవత్సరముల మధ్య భాగములుగా ప్రకటించిన ‘ప్రకృతిలోని కళారూపములు’ అను గ్రంథములో నూరు చిత్రఫలకములున్నవి. వానిలో 4వది, 84వది డయాటములకు చెందినవి. డయాటమనగానే చాలమందికి కన్నులయెదుట నిలుచునవి అట్టి బొమ్మలే. త్రికోణములు, చక్రములు, కంసాలి చెక్కినట్లున్న పెంకులు. పెంకుపైని గీతలను, చుక్కలను చూపుటలో ఆ చిత్రములకు సాటి అరుదు. నా ఆక్షేపణ వేరు. అవి చూచిన విద్యార్థికి డయాటములన్నియు ఒంటరి పెంకులే యని తోచును.

ఇందుకు కారణము శాస్త్రజ్ఞుల పనితీరులోనే యున్నది. పెంకు సిలికాతో నేర్పడినది. ఆమ్లములో మరగించినను చెడదు. జాతిని గుర్తించుటకు పెంకుపైని గీతలు స్పష్టముగా కనబడవలెను గనుక నమూనాను ఆమ్లముతోగాని హైడ్రొజన్ పెరాక్సైడుతోగాని శుభ్రము చేయుదురు. అప్పుడు కణములోని జీవపదార్థముతోబాటు, కణములను కలిపియుంచిన జిగురు కూడ నశించును. వాగులలో డయాటములు గుంపులుగా, అనగా సహనివేశములుగా, ఎందులకు ఏర్పడునను ప్రశ్నకు జవాబు చాలవరకు ఆ జిగురులోనే యున్నది.

వాగులో రాతిమీది పాకుడును గీకి, ఏమియు కడుగకుండ, ఒక బొట్టు నీటిలో సూక్ష్మదర్శిని క్రింద చూడవలెను. మెలోసైరా కణములు కొనకు కొన అంటుకొని దారమువలె సాగును. మెరిడియాన్ కణమునకు ఒక కొన వెడల్పు, ఒక కొన సన్నము. విభజన తరువాత పిల్లకణములు విడిపోక ప్రక్కప్రక్కనే నిలుచును గనుక ఆ వరుస తనంతట తాను విసనకర్రవలె వంగును. గాంఫోనీమా తన సన్నని కొననుండి జిగురు కాడను స్రవించును. కణము రెండైనప్పుడు ప్రతి పిల్లయు తన కాడను తాను సాగించుకొనును. అందుచే కాడ చీలును. ఆ కొమ్మలను చూచిన వంశవృక్షమును చూచినట్లే. ఎక్కడెక్కడి కణములో వచ్చి కూడుకొన్నవి కావు, తోబుట్టువులు విడిపోలేదంతే.

“రక్షణ కొరకు” అని ఒక్కమాటలో జవాబు చెప్పుట వాడుక. అది చాలదు. కాడపైనున్న కణమునకు వెలుతురు హెచ్చు, పారు నీరు తగులును, నిజమే. కాని వరద వచ్చిన సాధారణముగా ముందు ఊడునది అదే, నత్తలు ముందు మేయునదియు అదే. రాతిని కరచుకొని పడియుండు కాకోనీస్ మిగులును.

ఈ పొరపాటు తరగతిలో ఆగిన బాగుండును. న్యూజీలాండు దక్షిణ ద్వీపపు నదిలో 2004లో డిడిమోస్ఫీనియా కనబడెను. తరువాత అది ఇతర నదులకు వ్యాపించెను. దాని కాడలు రాళ్లపై తడిసిన ఉన్నివలె దట్టముగా పరచుకొనును. పాచి పెరిగినచోట నీటిలో ఎరువులు హెచ్చినవనుకొనుట సహజము. అచటి నీరు తేటది. అందు ఫాస్ఫరస్ మిక్కిలి తక్కువ. ఫాస్ఫరస్ చాలక కణవిభజన మందగించినను కిరణజన్య సంయోగక్రియ సాగుచునే యుండును. అట్లు మిగిలిన కర్బనము కాడగా మారును. ఫాస్ఫరస్ కలిపి చూచిన ప్రయోగములలో విభజన హెచ్చి కాడలు పొట్టివైనవి. ఎరువుల నీటిని ఆపుటయే మందనుకొన్న అచట పని జరుగదు. కడిగిన పెంకును ఎంతసేపు చూచినను ఈ సంగతి తెలియదు.

హెకెల్ ఫలకమును గోడకు తగిలించు ఉపాధ్యాయుడు దాని ప్రక్కన, కడుగని పాకుడును చూచి పిల్లలు గీసిన బొమ్మను గూడ ఉంచవలెను. గీతలు వంకరగా నున్నను ఫరవాలేదు. కాడను మాత్రము విడువరాదు.