కద్రువ పందెము, గాలవుని గుఱ్ఱములు

మహాభారతములో గుఱ్ఱపు రంగు చుట్టు అల్లుకొన్న కథలు రెండు కలవు. మొదటిది ఆదిపర్వములోనిది. ఉచ్చైశ్రవము తోక నల్లనిదని కద్రువ, ఒడలెల్ల తెల్లనిదేనని వినత పందెము వేసికొందురు. రెండవది ఉద్యోగపర్వములోనిది. ఒక చెవి మాత్రమే నల్లగా నున్న తెల్లని గుఱ్ఱములను ఎనిమిదివందలు గురుదక్షిణగా తెమ్మని విశ్వామిత్రుడు గాలవుని కోరును. ఈ కథలను కొందరు వట్టి కల్పనలని త్రోసివేయుదురు. మరికొందరు మన పూర్వులకు జన్యుశాస్త్రమంతయు తెలియుననుటకు ఇవే సాక్ష్యమందురు. నేడు తెలిసిన విషయములతో పోల్చి చూచినచో ఈ రెండు మాటలును నిలువవు.

గుఱ్ఱపు వెంట్రుకలో వర్ణకములు రెండే: నలుపు, ఎఱుపు. నల్ల వర్ణకము తయారగుటకు ఒక జన్యువు సరిగా పనిచేయవలెను. దాని రెండు ప్రతులును పనిచేయనిచో గుఱ్ఱము ఎఱ్ఱనిదగును. మరియొక జన్యువు నలుపును జూలుకు, తోకకు, కాళ్లకు పరిమితము చేయును. గుఱ్ఱములు పెంచువారు కుమైత్ అను రంగు అట్లు ఏర్పడినదే. ఎఱుపు అంతర్గత లక్షణము. కనుక రెండు నల్లగుఱ్ఱములలోను ఎఱుపు జన్యువు దాగియున్నచో వానికి పుట్టు పిల్ల ఎఱ్ఱనిదగుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. ఇక తెలుపు ప్రత్యేక వర్ణకము కాదు. వర్ణకము లేకపోవుటయే తెలుపు.

లోకములో తెల్లగా కనిపించు గుఱ్ఱములలో పెక్కు పుట్టుకతో తెల్లనివి కావు. అవి నల్లగానో ఎఱ్ఱగానో పుట్టి, ఏటేట నెరసి, సుమారు ఆరు మొదలు ఎనిమిదేండ్లకు తెల్లబడును. చర్మము మాత్రము నల్లగానే యుండును. ఇది బహిర్గత లక్షణము. తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చినను చాలును. ఒక జన్యువులో 4,600 అక్షరముల పొడవుగల డి.ఎన్.ఎ. భాగము రెండుమార్లు ఉండుటయే దీనికి కారణమని 2008లో తేలినది. ఇట్టి గుఱ్ఱములలో అనేకమునకు ముందు ఒడలు తెల్లబడును. తోక కొన్నాళ్లు నల్లగానే నిలుచును.

అనగా కద్రువ చెప్పిన గుఱ్ఱము వింత జంతువు కాదు. తెల్లని ఒడలు, నల్లని తోక గల గుఱ్ఱము ఉండునని నమ్మదగినది గనుకనే ఆ పందెము పందెముగా నిలిచినది. కవి చూపు ఇక్కడ నిశితము. కాని తోకను నల్లబరచుటకు కర్కోటకుని తెచ్చినది కద్రువ కపటమును చూపుటకే. అందు జన్యుశాస్త్రమును వెదకుట వ్యర్థము.

గాలవుని గుఱ్ఱముల తెలుపు వేరు జాతికి చెందినది. పిండదశలో వర్ణకమును చేయు కణములు వెన్ను వెంట బయలుదేరి శరీరమంతట వ్యాపించును. కొన్ని జన్యువుల వలన అవి అన్ని చోట్లకు చేరవు. చేరని చోటు తెల్లగా మిగులును. తెలుపు మిక్కిలి హెచ్చినప్పుడు చెవి, నడినెత్తి మాత్రమే రంగుతో మిగులుట కలదు. ఏ చెవి, ఎంత మేర అనునది కొంత యాదృచ్ఛికము. ఏకకర్ణమే నల్లనైన జంటకు అట్టి పిల్లయే పుట్టునన్న నమ్మకము లేదు. కథలోను అవి వరుణుని వలన వచ్చినవి. ముగ్గురు రాజులవద్ద రెండేసివందలు మిగిలినవి. నాలుగువందలు వితస్తానది పాలైనవి. తక్కువైన రెండువందలు ఎక్కడను దొరకలేదు. ఈ కొరతను చూపుటలో కథ లోకజ్ఞానమునకు విరుద్ధముగా పోలేదు.

కథలలోని లోకము తప్పినది మరియొక చోట. రంగును విలువగా ఎంచి, దానికి మనుష్యులను మూల్యముగా పెట్టినది. తోక వెంట్రుకల రంగుకు వినత దాసియైనది. నల్లచెవికి మాధవి ముగ్గురు రాజుల చేతులు మారినది. అశ్వశాస్త్రములును ఈ దోషమునుండి తప్పించుకొనలేదు. నాలుగు కాళ్లు, ముఖము తెల్లనైన పంచకళ్యాణిని అవి చక్కగా గుర్తించినవి. కాని ఆ గుర్తుకు యజమాని అదృష్టమును ముడిపెట్టినవి. 1758లో కర్నల్ ఫోర్డు సేనయు, విజయనగర ప్రభువు ఆనందరాజు సేనయు కశింకోటవద్ద కలిసికొని, పిమ్మట చందుర్తివద్ద ఫ్రెంచివారిని గెలిచినవి. అంత దూరము రౌతును మోసినది గుఱ్ఱపు కాలిబలము, ఊపిరి. నుదుటి మచ్చ కాదు.

ఐనను రంగు నిరర్థకము కాదు. నెరసిన గుఱ్ఱములలో పదునైదేండ్లు దాటినవానికి చర్మపు కంతులు తరచుగా వచ్చును. ఒక విధమైన మచ్చల జన్యువు రెండు ప్రతులలో చేరినచో పిల్ల తెల్లగా పుట్టి, ప్రేగులలో నాడీకణములు లేక కొద్ది దినములలోనే చనిపోవును. ఈ రెంటిలో ఏ ఒక్కటియు శకునము కాదు. కారణము తెలిసిన వ్యాధులు.

కావున కశింకోటలోగాని, మరే ఊరి పాఠశాలలోగాని ఈ కథలు చెప్పునపుడు తెలుగు ఉపాధ్యాయుడును, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడును ఒకే గంటలో కూర్చుండుట మేలు. విద్యార్థులను అడుగదగిన మొదటి ప్రశ్న ఇది: పాలకడలిలో పుట్టినది గాక మన ఊరి గుఱ్ఱమే ఐనచో, పందెము గెలుచువారెవరో చెప్పుటకు ముందుగా తెలియవలసినది దాని వయస్సు కాదా?