పది సీసాలు, ఒక చెరువు

అనంతపురం జిల్లా కుందుర్పి వంటి మెట్ట మండలంలో బోరు నీళ్లు మేలా, చెరువు నీళ్లు మేలా అన్న ప్రశ్నకు గణాంకశాస్త్రం ఇచ్చే జవాబు, లెక్క మొదలుకాక ముందే, సీసాలు నింపే చోట సగం తేలిపోతుంది. పది బోర్ల నుంచి తెచ్చిన పది సీసాలు పది వేర్వేరు సాక్ష్యాలు. ఒకే చెరువులో తూము దగ్గర, మరవ దగ్గర, కట్ట పొడవునా ముంచిన పది సీసాలు మాత్రం, ఆ నీళ్లన్నీ కలిసి ఉన్నవే కనుక, ఒకే సాక్షి పదిసార్లు చెప్పిన మాటతో ఇంచుమించు సమానం. ఈ తేడా గమనించకుండా రెండు పట్టికలనూ టీ-పరీక్షకు, అంటే రెండు సగటుల మధ్య కనిపించే అంతరం నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చే పద్ధతికి అప్పగిస్తే, లేని నిశ్చయం కాగితం మీద పుట్టుకొస్తుంది.

ఇక్కడి భూమి అడుగున ఉన్నది గట్టి రాయి కావడంతో నీరు దాని పగుళ్లలోనే నిలిచి, ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఏ పగులు ఎటు పోతుందో పైకి తెలియదు కనుక పక్కపక్క వీధుల బోర్లలోనూ నీటి గుణం వేరుగా ఉండవచ్చు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. ఐదు బోర్లలో అది 0.8, 0.9, 1.0, 1.1, 4.2గా ఉందనుకుంటే, సగటు 1.6 అయి ఊరంతా హద్దు దాటినట్టు కనిపిస్తుంది. విలువలను వరుసగా పేర్చి నడుమదాన్ని తీసుకునే మధ్యగతం 1.0 మాత్రమే కనుక ఊరంతా క్షేమమన్న భ్రమ కలుగుతుంది. సగటు నీళ్లు తాగే ఇల్లంటూ ఏ ఊళ్లోనూ ఉండదు. ఐదో బోరు నీళ్లు తాగి పిల్లలకు గారపళ్లు వచ్చినప్పుడు, పెద్దల కీళ్లు బిగుసుకున్నప్పుడు మధ్యగతం వారికి ఏ విధంగానూ అక్కరకు రాదు. విలువలకు బదులు వాటి వరుస స్థానాలను పోల్చే మాన్-విట్నీ పరీక్ష (1947) ఇటువంటి ఎగుడుదిగుడు కొలతలకు నప్పుతుంది, అయితే హద్దు దాటిన బోర్లు ఎన్నో, ఏవో విడిగా చెప్పితీరాలి.

చెరువు వైపు చిక్కు కాలానిది. కొత్తనీరు చేరినప్పుడు బురదతో, సూక్ష్మజీవులతో నిండినా లవణాలు పలచబడే ఆ నీరే ఎండాకాలానికి ఆవిరై చిక్కబడుతుంది. అందుచేత ఆశ్వయుజంలో ముంచిన చెరువు సీసాను వైశాఖంలో తోడిన బోరు సీసాతో పోల్చడం పోలికే కాదు. పైగా సోడియం, బైకార్బొనేట్, ఫ్లోరైడ్ తరచు కలిసి పెరుగుతాయి కనుక వాటి పరస్పర సంబంధాన్ని లెక్కలోకి తీసుకుని తేడాను ఒకే దూరంగా కొలిచే పద్ధతి కావాలి; గణాంకవేత్త మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన ఆ పద్ధతిని, అప్పటి బళ్లారి జిల్లా (ఒకప్పుడు అనంతపురం కూడా అందులో భాగమే) హడగలిలో 1920లో పుట్టిన సి.ఆర్. రావు విస్తరించారు.

ఈ కొలతలన్నిటికీ ముందు చేతిపని ఉంది: పైపులో నిలిచిన నీరు పోయేదాకా మోటారు నడిపించి, సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కనుక ప్లాస్టిక్ సీసాలోనే నింపి, దాని మీద తేదీ, బోరు లోతు, వీధి పేరు చెరగని సిరాతో రాయాలి, చెరువు సీసా అయితే ఆనాటి నీటిమట్టం కూడా.