మాటాడని కంప్యూటరు: దోషమెక్కడ?

చూపులేని విద్యార్థి కంప్యూటరు నేర్వవలెనన్న, తెరపైనున్న దానిని చదివి వినిపించు ప్రోగ్రాము అవసరము. దీనిని స్క్రీన్ రీడరు అందురు. వీనిలో ఎన్.వి.డి.ఎ. అనునది విండోసు కంప్యూటర్లపై పనిచేయును, వెల లేదు. చూపులేనివాడైన మైకేల్ కరన్ దీనిని 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభించెను. దీనితోపాటు వచ్చు ఈస్పీక్ ఎన్.జి. అను కృత్రిమ కంఠము తెలుగును కూడ పలుకగలదు. అయినను “ఇది తెలుగు చదువదు, చదివినను తెలియదు” అను ఫిర్యాదు మన ఉపాధ్యాయులలో తరచు వినబడుచుండును. ఇందు న్యాయమెంతయో విచారింతము.

మొదట కంఠము సంగతి. మనము ‘అ’ అన్నను, ‘ఇ’ అన్నను గొంతులో పుట్టు నాదమొకటే. నోటి ఆకారము మారుటచే కొన్ని పౌనఃపున్యములు బలపడి, అచ్చుల భేదము కలుగును. ఈస్పీక్ ఈ పౌనఃపున్యములను లెక్కగట్టి నాదమును కూర్చును. మనిషి పలికిన మాటలను దాచుకొని అతికించు పద్ధతి దీనిది కాదు. అందుచేత ప్రోగ్రాము చిన్నది, పాత కంప్యూటరుపై కూడ నడచును, వేగము పెంచినను మాట తెలియును. కాని మనిషి గొంతులోని సౌమ్యత దీనికి లేదు. పాఠము వినుటకు చాలును, చెవి అలవాటు పడవలెను. పద్యమును శ్రావ్యముగా వినగోరువారికి మాత్రము నిరాశ తప్పదు. ఈ విమర్శ న్యాయమైనదే.

తక్కిన ఫిర్యాదులలో పెక్కింటికి కారణము వేరు. అసలే మాట రానిచో ముందు శబ్దపు స్థాయిని, హెడ్‌ఫోను తీగను చూడవలెను. పిదప ఇన్సర్టు మీటతో ‘ఎస్’ నొక్కి చూడవలెను. క్రొత్త విద్యార్థి ఈ రెంటిని పొరపాటున నొక్కినచో ప్రోగ్రాము నడచుచునే మూగవోవును. మరల కొన్నిమార్లు నొక్కిన పలుకును. ఇంగ్లీషు మాత్రమే పలికి తెలుగును దాటవేయుచున్నచో, ఎన్నుకొన్న గొంతుకు తెలుగు లిపి తెలియదన్నమాట. ఇన్సర్టు, కంట్రోలు, ‘ఎస్’ మూడింటిని కలిపి నొక్కి ఈస్పీక్‌ను, తరువాత ఇన్సర్టు, కంట్రోలు, ‘వి’ నొక్కి తెలుగు గొంతును ఎన్నుకొనవలెను.

ఇంత చేసినను అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు వినవచ్చినచో యంత్రమును నిందింపరాదు. కంప్యూటరుకు అక్షరము బొమ్మ కాదు, ఒక సంఖ్య. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కలవు. ‘క’ సంఖ్య 3093. మన అచ్చు పనులలో వాడుకకు వచ్చిన పాత ఫాంటులలో లోపలి సంఖ్యలు ఇంగ్లీషు అక్షరములవి, పైకి కనబడు రూపము మాత్రము తెలుగు. కన్ను రూపమును చూచి మోసపోవును. స్క్రీన్ రీడరు సంఖ్యను చూచి ఉన్నది ఉన్నట్లు చదువును. ఇక స్కాను చేసిన పుటలో అక్షరములే లేవు, బొమ్మ మాత్రమే కలదు.

దీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. “ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది” అను వాక్యము మీ పాఠములో ఉన్నదనుకొనుడు. దానికి వేరొక మామూలు ఫాంటు పెట్టి చూడుడు. తెలుగు తెలుగుగానే నిలచిన లేక గళ్ళుగా మారిన అది యూనికోడు. ఇంగ్లీషు అక్షరములుగా మారినచో అది పాత ఫాంటు. మొదటిదానిని రాజమండ్రిలోని చూపులేని విద్యార్థి తానుగా చదువుకొనగలడు. రెండవదానిని ఇంకొకరు చదివి పెట్టవలెను.

వికలాంగుల హక్కులకై 2016లో వచ్చిన చట్టము సమాచారము అందరికి అందు రూపములో ఉండవలెనని చెప్పుచున్నది. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. నోట్సులను, ప్రశ్నపత్రములను యూనికోడులో టైపు చేయించినచో చాలును. గొంతును మెరుగుపరచుట శాస్త్రజ్ఞుల పని. ఆ గొంతుకు చదువదగిన అక్షరము నిచ్చుట మన పని. మొదటిది జరుగువరకు రెండవది ఆగనక్కరలేదు.