పుత్లీబౌలి పళ్ళచక్రం

హైదరాబాదులో కోఠి నుంచి పుత్లీబౌలి వైపు మళ్ళగానే కనిపించే స్పేర్‌పార్టుల దుకాణాలు, చిన్న బైకును సొంత అవసరానికి తగినట్టు మలచుకోవడమూ ఒక విద్యేనని చెప్పకనే చెబుతాయి. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్‌నే తీసుకుంటే, దాని 97.2 సీసీల ఇంజనును విప్పకుండానే, వెనక చక్రానికి ఉండే స్ప్రాకెట్‌ను, అంటే చైను పట్టుకొని తిరిగే పళ్ళచక్రాన్ని, మార్చి బండి స్వభావాన్నే మార్చవచ్చు. పళ్ళు రెండు పెరిగి, అందుకు తగ్గ పొడవున్న చైను పడితే, గరిష్ఠ వేగం కొంత తగ్గినా బరువుతో ఎత్తెక్కేటప్పుడు లాగుడు పెరుగుతుంది. పాల క్యాన్లో కూరగాయల సంచులో మోసేవారికి అది వరమే. చక్రం ఎక్కించాక మెకానిక్ చేతిని దగ్గర నుంచి చూడాలి: రెండు వైపులా గీతలు సమానంగా వచ్చేటట్టు అడ్జస్టర్లను కొద్దికొద్దిగా తిప్పుతూ, చైను మధ్యభాగాన్ని వేలితో పైకి ఎత్తి, సుమారు 25 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, మిగిలిందని నమ్మకం కుదిరాకనే ఇరుసు నట్టు బిగిస్తాడు. ఆ కొలత అతని వేలికే తెలుసు. ఆట తక్కువైతే బేరింగులు అరుగుతాయి, ఎక్కువైతే చైను పళ్ళ మీద నుంచి జారుతుంది.

చీరకొంగు చక్రంలో పడకుండా కాపాడే శారీ గార్డు, సంచి తగిలించే కొక్కెం, మెత్తని సీటు చిన్న మార్పులే అయినా, ఒకే అచ్చులో పోసిన వేల బైకుల్లో ఒకదాన్ని ఇంటి బండిగా చేసేవి అవే. సైలెన్సరు మార్చి మోత పెంచడాన్ని మాత్రం ఈ విద్యలో చేర్చలేం. ఇక పళ్ళచక్రంతో పాటు వేసిన కొత్త చైను కొన్ని వందల కిలోమీటర్లకు కాస్త వదులవుతుంది కనుక, ఆటను మరొక్కసారి సరిచూయించుకోవాలి.