నవ్వే ముందు సర్వనామం వైపు చూద్దాం

మన కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తెలుగు మీడియం పిల్లలు రోజూ మూడు భాషల మధ్య తిరుగుతారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఎక్కువగా జారిపడేది పెద్ద పెద్ద మాటల దగ్గర కాదు. ఐ, మీ, హి, షి లాంటి చిన్న సర్వనామాల దగ్గరే. ఎవరైనా జారితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. ఆ తప్పుల మీదా, ఆ నవ్వు మీదా నా విమర్శ ఇది.

ముందు తప్పులు చూద్దాం. “మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్ టు మార్కెట్” అని చాలామంది అంటారు. ఇందులో ఫ్రెండ్‌ని తీసేస్తే “మీ వెంట్” మిగులుతుంది. తెలుగులో “నన్ను వెళ్ళాను” అంటామా? అనం. నేను, నన్ను అనే తేడా మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఐ, మీ కూడా అంతే. “బిట్వీన్ యూ అండ్ ఐ” కూడా ఇలాంటిదే. “నీకూ నేనూ మధ్య” అని ఎవరూ అనరు, “నీకూ నాకూ మధ్య” అంటారు. కాబట్టి అక్కడ “మీ” రావాలి. ఈ తప్పు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా చేస్తారు.

రెండోది “మైసెల్ఫ్”. స్టేజి ఎక్కగానే “మైసెల్ఫ్ ఫలానా” అని మొదలుపెట్టడం మన దేశమంతా ఉన్న అలవాటు. “నన్ను నేను అద్దంలో చూసుకున్నాను” అనేటప్పుడు మైసెల్ఫ్ కావాలి. పేరు చెప్పడానికి “ఐ యామ్” చాలు.

మూడోది “మై ఫాదర్ హి ఈజ్ ఎ డ్రైవర్”. “మా నాన్న, ఆయన డ్రైవరు” అని మాట్లాడే తీరు ఇంగ్లీషులోకి వచ్చేసింది. అక్కడ ఫాదర్ ఉంటే మళ్ళీ హి అక్కర్లేదు. ఒక్కడే కొడుకైనా “అవర్ ఫాదర్” అనడానికి కారణం కూడా మన “మా నాన్న”యే.

హి, షి తారుమారు కావడం నాలుగోది. ఒడియాలో “సే” అనే ఒక్క మాటే అతనికీ ఆమెకీ సరిపోతుంది. క్రియ కూడా మారదు. ఒడియా ఎక్కువగా మాట్లాడే పిల్లలకు హి, షి విడదీయడం కొత్త పని. ఇంకో చిత్రం, ఒడియాలో “ఆమే” అంటే మేము. తెలుగులో “ఆమె” అంటే ఒక స్త్రీ. ఒకే గదిలో ఈ రెండూ వినబడే పిల్లవాడు క్షణం ఆగి ఆలోచిస్తే అది తెలివితక్కువతనమా?

ఇంగ్లీషులో కూడా లోటు ఉంది. “మనం వెళ్దాం” అంటే ఎదుటివాడు కలిసినట్టు, “మేము వెళ్తాం” అంటే కలవనట్టు. ఇంగ్లీషులో రెండింటికీ “వి” ఒక్కటే. నువ్వు, మీరు రెండూ “యూ”యే. ఒకప్పుడు ఇంగ్లీషులో నువ్వుకి “దౌ” ఉండేది. రోజువారీ మాటల్లోంచి అది పోయింది. అంటే సర్వనామాలు ఏ భాషలోనైనా మారుతూనే ఉంటాయి.

అలాగని తప్పు తప్పు కాదని నేను అనను. అన్నాచెల్లెళ్ళిద్దరూ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు “షి హాజ్ ఫీవర్” అనాల్సింది “హి” అంటే మందు ఎవరికి రాయాలి? రేపు విశాఖపట్నం కాలేజీకో, ఉద్యోగం ఇంటర్వ్యూకో వెళ్ళినప్పుడు కూడా ఇది అడ్డు వస్తుంది. అందుకే దిద్దుకోవాలి.

అయితే నవ్వితే దిద్దుబాటు జరగదు. నవ్విన రోజు నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. నోరు విప్పనివాళ్ళకి తప్పులుండవు, ఇంగ్లీషు కూడా ఉండదు. గురజాడ వారి “కన్యాశుల్కం”లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు పద్యం ముక్కల్నే సంభాషణలాగా వల్లిస్తుంటే ఇంట్లోవాళ్ళు అదే గొప్ప చదువనుకుంటారు. ఆ నాటకం మొదట అచ్చయింది 1897లో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంగ్లీషుని చూపించుకునే వస్తువుగానే చూస్తే ఎలా?

సర్వనామాల పట్టిక బట్టీ పట్టించే పద్ధతి మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. “ఐ, మై, మీ” అని వరసగా అప్పజెప్పినవాళ్ళే బయటికి రాగానే “మీ అండ్ మై ఫ్రెండ్” అంటారు. పక్కన “నేను, నా, నన్ను” రాసి, ఒడియా మాట కూడా రాస్తే ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో కంటికి కనబడుతుంది.

మన రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందే ఏర్పాటు ఉండాలని చెబుతోంది. ఆ మాతృభాష ఇంగ్లీషుకి అడ్డం కాదు, మెట్టు. కాబట్టి మిత్రులారా, ఎవరైనా “మైసెల్ఫ్” అంటే నవ్వకండి. మాట పూర్తయ్యాక పక్కకి పిలిచి “ఐ యామ్ అంటే చాలు” అని చెప్పండి. గురువులూ తల్లిదండ్రులూ కూడా ముందు మాట వినండి, తర్వాత దిద్దండి.