నల్లబారిన గాయం, వెనకబడిన చప్పుడు

విశాఖ పత్రికాఫీసుల్లో డెస్కు మీద పనిచేసినవాళ్లకు ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చే ఎదురుకాల్పుల వార్త కంఠతా వచ్చు. కూంబింగ్, లొంగిపొమ్మని హెచ్చరిక, అవతలి నుంచి కాల్పులు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు, తెల్లారాక గాలిస్తే మృతదేహాలు, తుపాకులు, కిట్ బ్యాగులు. ఊరి పేరూ మృతుల సంఖ్యా మారతాయి, మిగతాదంతా అదే. మర్నాడు పౌరహక్కుల సంఘం అది బూటకమంటుంది. రెండు ప్రకటనలూ పక్కపక్కన వేసి చేతులు దులుపుకుంటాం. ఆ రెంటి మధ్యకు దిగి పనిచేసిన పరిశోధనలు తక్కువ. అలాంటివాటిలో రెంటిని పనితనం కోసం దగ్గరగా చూడాలి. రెండూ విలేఖరుల చావుల మీదివే. ఒకటి ఆదిలాబాద్ అడవిది, రెండోది పాలస్తీనాలోని జెనిన్ పట్టణానిది.

2010 జులై 1 అర్ధరాత్రి వేళ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా వాంకిడి ప్రాంతపు అడవిలో ఎదురుకాల్పులు జరిగాయనీ, మావోయిస్టు పార్టీ అధికార ప్రతినిధి ఆజాద్ చనిపోయాడనీ పోలీసులు ప్రకటించారు. ఆజాద్ అసలు పేరు చెరుకూరి రాజ్‌కుమార్. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవాడు. ఆయన పక్కన ఇంకో మృతదేహం ఉంది. అది ఉత్తరాఖండ్‌కు చెందిన హేమచంద్ర పాండేది. ఢిల్లీలో ఉంటూ హేమంత్ పాండే పేరుతో హిందీ పత్రికలకు వ్యాసాలు రాసే విలేఖరి. పోలీసుల లెక్కలో ఆయనా మావోయిస్టే. ఇద్దరినీ నాగపూర్‌లో పట్టుకుని తెచ్చి చంపారని పార్టీ అంది. అడవిలో కెమెరా లేదు, మూడో మనిషి సాక్ష్యమూ లేదు.

అవుట్‌లుక్ వారపత్రిక మెచ్చుకోదగ్గ పని ఇక్కడే చేసింది. పోలీసులనూ పార్టీనీ వదిలేసి కాగితాలు పట్టుకుంది: ఎఫ్ఐఆర్, పంచనామా, శవపరీక్ష నివేదిక. మూడూ ప్రభుత్వం రాసుకున్నవే. శవపరీక్షలో తూటా దిగిన చోట అంచులు కాలి నల్లబారాయని డాక్టర్లు రాసిన మాట ఒకటుంది. ఆ మాటను ఫోరెన్సిక్ నిపుణుల ముందు పెట్టి అర్థం అడిగింది.

ఆ ఒక్క మాటకు అంత బలం ఎందుకంటే, తుపాకీ పేలినప్పుడు తూటా ఒక్కటే బయటికి రాదు. మంట, మసి, కాలీకాలని మందు రేణువులూ వస్తాయి. మూతి చర్మానికి దాదాపు ఆనుకుని ఉంటే మంట అంచును కాలుస్తుంది, మసి పడుతుంది. కొంచెం దూరమైతే మంట అందదు. రేణువులు చర్మంలో గుచ్చుకుని పచ్చబొట్టు చుక్కల్లా నిలుస్తాయి. తుడిస్తే మసి పోతుంది గానీ ఆ చుక్కలు పోవు. ఇంకా దూరం నుంచి వస్తే వీటిలో ఏదీ మిగలదు. రంధ్రం, దాని చుట్టూ ఒరుసుకుపోయిన సన్నటి అంచు మాత్రం ఉంటాయి. చీకట్లో, అడవిలో, రెండు దళాల మధ్య జరిగిన కాల్పుల్లో కాలిన అంచులు ఎలా వచ్చాయన్నది ఆ పత్రిక వేసిన ప్రశ్న.

ఈ పనిని కాదనేవాళ్లకూ దారి ఉంది. ఒరుసుకుపోయిన అంచు ఎండితే నల్లగానే కనిపిస్తుంది. డాక్టరు దాన్నే కాలినట్టు రాసి ఉండవచ్చు. తూటా బట్టల మీదుగా దిగితే మసి బట్టకే అంటుకుంటుంది. అందుకని చొక్కాను రసాయన పరీక్షకు పంపాలి. ఫొటోలు చూడాలి. వాదించదలచినవాడు ఎక్కడ చెయ్యి పెట్టాలో కథనంలోనే తెలుస్తోంది.

హేమచంద్ర భార్య, సామాజిక కార్యకర్త స్వామి అగ్నివేశ్ సుప్రీంకోర్టుకెక్కారు. 2011 జనవరిలో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ ఆర్.ఎం. లోధాల ధర్మాసనం గణతంత్రం తన బిడ్డలను తానే చంపుకోవడాన్ని అనుమతించలేమంది. ఏప్రిల్‌లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. సీబీఐ మాత్రం ఎదురుకాల్పులు నిజమైనవేనని తేల్చింది. పిటిషనర్లు ఒప్పుకోలేదు.

ఇక జెనిన్. 2022 మే 11 ఉదయం అల్ జజీరా విలేఖరి షిరీన్ అబూ అక్లే ప్రెస్ అని రాసున్న జాకెట్, హెల్మెట్ వేసుకుని ఉండగానే తూటా తగిలి చనిపోయింది. అదే ఉదయం ఇజ్రాయెల్ అధికారులు ఒక వీడియోను ప్రచారంలో పెట్టారు: పాలస్తీనా సాయుధుడు ఒక సందులోకి కాలుస్తున్న దృశ్యం. ఇజ్రాయెల్‌కే చెందిన మానవహక్కుల సంస్థ బెత్‌సెలెమ్ పరిశోధకుడు ఆ సందు వెతికి పట్టుకుని, అక్కణ్నుంచి షిరీన్ పడిపోయిన చోటుకు కెమెరాతో నడుచుకుంటూ వెళ్లాడు. మధ్యలో గోడలు, ఇళ్లు, మలుపులు. ఆ తూటా అక్కడికి చేరే దారే లేదని నడకతోనే తేలిపోయింది. వ్యాఖ్యానం అక్కర్లేని ఖండన అది.

సీఎన్ఎన్ ఆ ఉదయపు వీడియోల్లోని కాల్పుల చప్పుడు పట్టుకుంది. డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలకు ఆర్కే బీచ్‌లో నిలబడ్డవాళ్లకు ఇది అనుభవమే: ఓడ మీద తుపాకీ మెరుపు ముందు కనిపిస్తుంది, మోత తర్వాత వస్తుంది. తుపాకీ దగ్గర లేని మైకుకు మెరుపు బదులు తూటాయే కబురు తెస్తుంది. తూటా ధ్వనికన్నా వేగంగా పోతుంది గనక పక్కగా దూసుకుపోయేటప్పుడు ఫట్‌మని ఒక చప్పుడు, వెనకాలే తుపాకీ మూతి దగ్గర పుట్టిన ఢాం. ఆ రెంటి మధ్య ఎడం సుమారు 309 మిల్లీసెకన్లు. మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ మేహర్ లెక్క ప్రకారం కాల్చినవాడు 177 నుంచి 197 మీటర్ల దూరంలో ఉండాలి. ఇజ్రాయెల్ సైనిక వాహనాలు ఉన్నది దాదాపు అంతే దూరంలో.

మనమూ సరిచూసుకోవచ్చు. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు, తూటా సగటు వేగం 800 అనుకుంటే 187 మీటర్లు వస్తుంది. తుపాకీ వేరైతే, తూటా వేగం మారితే అంకె జరుగుతుంది. ఆ ఊహను దాచకుండా పైకి చెప్పడమే ఈ పనిలోని నిజాయితీ.

అవే ఆధారాలతో అందరూ ఒకే మాట అనలేదు. సీఎన్ఎన్ గురిపెట్టి చేసిన దాడి అని సూచించింది. జూన్ 20న న్యూయార్క్ టైమ్స్ సైనిక వాహనాలున్న దిక్కు నుంచి 16 తూటాలు వచ్చాయని చెప్పి, ఆమెను గుర్తుపట్టి కాల్చారనడానికి ఆధారం దొరకలేదంది. చెవికి అందేది దూరం, దిక్కు. కాల్చినవాడి ఉద్దేశం అందదు. దొరికినంతవరకే చెప్పి ఆగడం కూడా చేతనైనవాడి లక్షణం. చివరికి సెప్టెంబర్ 5న ఇజ్రాయెల్ సైన్యమే తమ తూటా పొరపాటున తగిలిన అవకాశం ఎక్కువని ఒప్పుకుంది. ఉద్దేశం గురించి వాదన మిగిలే ఉంది.

ఒకచోట సైన్యం మాట మార్చుకుంది, ఇంకోచోట దర్యాప్తు సంస్థ కథనానికి ఎదురు తీర్పు చెప్పింది. కాబట్టి మంచి పనికి గెలుపే కొలత అనలేం. ఇన్ని గజాలు, ఇన్ని మిల్లీసెకన్లు, ఈ కాగితం మీది ఈ మాట అంటూ తన కథనాన్ని పడగొట్టడానికి కావలసిన పట్టును ప్రత్యర్థి చేతికే ఇచ్చిందా లేదా అన్నది అసలు కొలత. ఏజెన్సీ నుంచి ఈసారి ప్రెస్ నోట్ వచ్చినప్పుడు మన డెస్కు అడగాల్సినవి ఎన్నో లేవు: ఎఫ్ఐఆర్ ఎన్నింటికి రాశారు, గాయం అంచు ఎలా ఉంది, బట్టలు పరీక్షకు వెళ్లాయా? జవాబులు రాకపోతే, రాలేదని అచ్చు వేయడానికి ఒక్క వాక్యం చాలు.