రాగిరేకు నుంచి రాతిపలకకు: పక్షిపటాలలో చిత్రకారుని స్థానం

జాన్ రే మరణానంతరం 1713లో లండన్‌లో వెలువడిన పక్షిశాస్త్ర గ్రంథంలో మద్రాసు పక్షులకు చోటు దక్కింది. అవి రాగిరేకు చెక్కడాలు. ఆకృతి తెలుస్తుంది గాని ఈకల మెత్తదనం తెలియదు. 1843-47 నడుమ మద్రాసు నుంచి టి.సి. జెర్డాన్ వెలువరించిన 50 పక్షిపటాలు శిలాముద్రణాలు. రాతిపై జిడ్డు బలపంతో గీసే ఈ పద్ధతి కుంచె పట్టిన చేతికి దగ్గరైనది. ఆ బొమ్మలు ఎక్కువగా దేశీయ చిత్రకారులవే. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న జెర్డాన్‌కు ప్రాణుల విశేషాలు తెలిపినవారిలో యానాదులున్నారు. అయినా ఈ సంపుటిని జెర్డాన్ కృతిగా మాత్రమే చదవడం విమర్శలోని లోపం. ఆ కాలపు ఆనవాయితీ అంటూ దీనిని సమర్థించలేము. అదే మద్రాసులో రాబర్ట్ వైట్ వృక్షపటాలపై రంగయ్య, గోవిందుల పేర్లు అచ్చయ్యాయి. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ గోవిందు పేరే పెట్టాడు.